పాజిటివ్ అన్న ఒక్క మాట చాలదు

రక్తదానం చేయబోయినప్పుడో, గర్భిణికి తొలి నెలల్లో పరీక్షలు చేయించినప్పుడో, ఏదో చిన్న ఆపరేషన్‌కు ముందో, గల్ఫ్ వీసా కోసం మెడికల్‌కు వెళ్లినప్పుడో మన దగ్గర చాలామందికి హెపటైటిస్-బి సంగతి మొదటిసారి తెలుస్తుంది. అప్పటికి ఒంట్లో ఏ బాధా ఉండదు. ల్యాబ్ కాగితం మీద మాత్రం ‘హెచ్‌బీఎస్‌ఏజీ: రియాక్టివ్’ అని ఉంటుంది. ఆ మాట చూసి కొందరు ఇక బతుకు అయిపోయిందని కుంగిపోతారు. మరికొందరు బాగానే ఉన్నాం కదా అని దాన్ని పక్కన పడేసి మరిచిపోతారు. నా ఉద్దేశంలో ఈ భయం, ఈ నిర్లక్ష్యం రెండూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. ఆ పరీక్ష వైరస్ ఒంట్లో ఉందని మాత్రమే చెబుతుంది, కాలేయానికి ఏమవుతోందో చెప్పదు. ఎందుకంటే హెపటైటిస్-బిలో కాలేయాన్ని దెబ్బతీసేది చాలావరకు మన రోగనిరోధక వ్యవస్థే. వైరస్ చొరబడిన కాలేయ కణాల మీద అది చేసే దాడిలోనే కాలేయం నలిగిపోతుంది. కాబట్టి వైరస్ ఆనవాళ్లతో పాటు ఆ దాడి ఆనవాళ్లను కూడా రక్తంలో చదవాలి, అదీ ఒక్కసారి కాకుండా పదేపదే చదవాలి. అలా చదవకుండా ఎవరి మీదా తీర్పు చెప్పకూడదు. ఈ ప్రసంగంలో నేను నిలబెట్టదలచుకున్న మాట ఇదే.

అసలు ఈ వైరస్ బయటపడిందే రోగనిరోధక వ్యవస్థ వదిలిన ఒక ఆనవాలు వల్ల. 1960ల తొలి ఏళ్లలో అమెరికాలో శాస్త్రవేత్త బారూక్ బ్లంబర్గ్ కామెర్ల కారణం కోసం వెతకడం లేదు. మనుషుల రక్తంలోని ప్రొటీన్లు ప్రాంతాన్ని బట్టి, జాతిని బట్టి ఎలా మారుతున్నాయో చూస్తున్నారు. హీమోఫీలియా ఉన్నవారికి అప్పట్లో పదేపదే ఇతరుల రక్తం ఎక్కించేవారు. అలా ఒంట్లోకి వచ్చిన కొత్త ప్రొటీన్ల మీద వాళ్ల రక్తంలో యాంటీబాడీలు తయారై ఉంటాయని ఆయన ఆలోచన. పరీక్ష చాలా సాదాది. పలచగా పోసి గట్టిపడనిచ్చిన అగర్ జెల్‌లో చిన్న గుంటలు చేస్తారు. ఒక గుంటలో హీమోఫీలియా రోగి సీరమ్, దాని చుట్టూ ఉన్న గుంటల్లో రకరకాల మనుషుల సీరమ్ వేస్తారు. రెండు వైపుల నుంచీ ప్రొటీన్లు జెల్‌లోకి మెల్లగా పాకుతాయి. ఒకదానికి ఒకటి సరిపోతే, కలిసిన చోట సన్నని గీత తేలుతుంది. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరమ్ దగ్గర అలాంటి గీత పడింది. బ్లంబర్గ్, హార్వీ ఆల్టర్, వారి సహచరులు దానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టి 1965లో ప్రకటించారు. అది కామెర్లు తెచ్చే వైరస్ పైపొర అని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1970లో లండన్‌లో డేవిడ్ డేన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వైరస్‌ను పూర్తి రూపంలో చూశారు. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ ల్యాబ్ కాగితం మీద కనిపించే హెచ్‌బీఎస్‌ఏజీ ఆ ఆస్ట్రేలియా యాంటిజెనే. ఒకరి శరీరం తయారుచేసిన యాంటీబాడీ, ఇంకొకరి రక్తంలో దాగిన వైరస్‌ను పట్టించింది.

దెబ్బ తీసేది వైరస్ కాదంటే నమ్మడం కష్టమే. సాక్ష్యం పసిపిల్లల దగ్గర మొదలుపెడదాం. కాన్పు సమయంలో తల్లి నుంచి ఈ వైరస్ సోకిన పిల్లల్లో, టీకా రక్షణ లేకపోతే, 100కి దాదాపు 90 మందిలో అది ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే 100కి 5 మందిలోపే ఉండిపోతుంది. ఆ పిల్లలు పెరిగి పెద్దవుతున్నా వాళ్ల రక్తంలో ఒక్కో మిల్లీలీటరుకు వైరస్ కోట్లలో ఉంటుంది. అయినా కాలేయ కణాలు చనిపోతే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంటుంది, కాలేయంలో చెప్పుకోదగ్గ మచ్చలు కనిపించవు. ఈ స్థితి ఇరవై ముప్పై ఏళ్ల దాకా సాగవచ్చు. వైరస్ తానుగా కణాలను చంపేదైతే ఆ పిల్లల కాలేయం ఎప్పుడో పాడైపోవాలి. పెద్దవయసులో సోకినవారి సంగతి దీనికి పూర్తిగా ఎదురు. జబ్బు బయటపడితే కళ్లు పచ్చబడతాయి, అన్నం సయించదు, ఎస్‌జీపీటీ వందలు దాటి వేలల్లోకి పోతుంది. కొన్ని వారాలకు వైరస్ రక్తంలోంచి తగ్గిపోతుంది, మనిషి కోలుకుంటాడు. అంటే జబ్బు బాగా బయటపడినవాడే వైరస్‌ను వదిలించుకుంటున్నాడు. పసితనంలో సోకి ఏమీ తెలియనివాడి ఒంట్లో అది కాపురం పెడుతోంది. చింపాంజీల మీద జరిగిన ఒక ప్రయోగం 2003లో వెలువడింది. రోగనిరోధక వ్యవస్థలోని సీడీ8 అనే టి-కణాలను కొంతకాలం తొలగించి చూశారు. అవి లేనన్నాళ్లూ వైరస్ తగ్గలేదు, కాలేయానికి దెబ్బా తగల్లేదు. ఆ కణాలు తిరిగి రాగానే రెండూ మొదలయ్యాయి. వైరస్‌ను వెళ్లగొట్టేదీ, కాలేయాన్ని గాయపరిచేదీ ఒకే కణాలన్నమాట. ఈ పోరు త్వరగా తెగిపోతే మంచిదే. ఏళ్ల తరబడి తెగకుండా రగులుతూ ఉంటే మచ్చలు పేరుకుని సిర్రోసిస్‌కు, కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది.

ఇప్పుడు ల్యాబ్ కాగితం చదువుదాం. పైపొర యాంటిజెన్, అంటే హెచ్‌బీఎస్‌ఏజీ, 6 నెలలు దాటినా రక్తంలో ఉంటే వైరస్ దీర్ఘకాలికంగా ఉండిపోయినట్టు. ఇక్కడ వైరస్ పన్నే ఒక ఎత్తు తెలుసుకోవాలి. వైరస్ చేరిన కాలేయ కణం నిండు వైరస్‌లను మాత్రమే వదలదు. లోపల జన్యుపదార్థం లేని ఉత్త పైపొర గోళాలను వాటికి వేల రెట్లు రక్తంలోకి కుమ్మరిస్తుంది. చేలో గింజ కన్నా తాలు ఎక్కువ పండినట్టు ఉంటుంది. శరీరం తయారుచేసే యాంటీబాడీలు ఆ తాలుకు అతుక్కుని ఖర్చైపోతాయి. అందుకే దీర్ఘకాలిక రోగుల రక్తంలో పైపొర మీద పనిచేసే యాంటీబాడీ సాధారణంగా పరీక్షకు దొరకదు. అది దొరికితే మంచి వార్త. దాని మోతాదు లీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లు, అంటే కాగితం మీద రాసే లెక్కలో మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. ఆ రక్షణ టీకా వల్ల వచ్చిందా, జబ్బు వచ్చి పోవడం వల్ల వచ్చిందా అన్నది మూడో పరీక్ష చెబుతుంది. అదే కోర్ యాంటీబాడీ. కోర్ అంటే వైరస్ లోపలి గూడు. టీకాలో ఉండేది పైపొర ప్రొటీన్ మాత్రమే, అందులో ఈ గూడు ఉండదు. కనుక కోర్ యాంటీబాడీ ఉన్నవారికి అసలు వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకినట్టే. ఇందులో ఐజీఎమ్ రకం బాగా ఉంటే ఇది ఈమధ్య సోకినదని, లేదా పాతది ఒక్కసారిగా రగిలిందని అర్థం. ఒక్కోసారి పైపొర యాంటిజెన్ అప్పుడే మాయమై, దాని మీది యాంటీబాడీ ఇంకా తేలని కొద్ది వారాలుంటాయి. ఆ రోజుల్లో పరీక్ష చేస్తే హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్ అని వస్తుంది. మనిషి కామెర్లతో మంచాన ఉంటాడు. కోర్ ఐజీఎమ్ చూడకపోతే డాక్టరు వేరే కారణాల వెంట పడాల్సి వస్తుంది.

ఇక వైరస్ తయారుచేసే మరో ప్రొటీన్, ఈ-యాంటిజెన్. అది ఉంటే వైరస్ జోరుగా పుట్టుకొస్తోందని, పోయి దాని యాంటీబాడీ వస్తే జోరు తగ్గిందని చాలాకాలం అనుకున్నారు. చాలామందిలో అది నిజమే. అయితే ఈ-యాంటిజెన్ తయారీని ఆపేసుకుని కూడా పెరగగలిగే వైరస్ రకాలున్నాయి. అందుకే ఈ-యాంటిజెన్ నెగెటివ్ అని కనిపించగానే నిశ్చింతగా ఉండకూడదు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో, చూడాలి. ఉదాహరణకు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఇరవై ఏళ్ల కుర్రాడిది: ఈ-యాంటిజెన్ పాజిటివ్, వైరల్ లోడ్ కోట్లలో, ఎస్‌జీపీటీ 22. రెండోది నలభై అయిదేళ్ల మనిషిది: ఈ-యాంటిజెన్ నెగెటివ్, వైరల్ లోడ్ ముప్పై వేలు, ఎస్‌జీపీటీ 78. వైరస్‌ను మాత్రమే లెక్కపెట్టేవారికి మొదటి కాగితం భయంకరంగా కనిపిస్తుంది. కాలేయ వైద్యుడు ముందుగా ఆందోళన పడేది రెండోదాని గురించి. అక్కడ వైరస్ తక్కువే అయినా దాడి నడుస్తోంది, కణాలు చస్తున్నాయి. చనిపోయిన కాలేయ కణాల్లోంచి కారిన ఎంజైమే ఆ 78 అన్న అంకె. మచ్చలు ఎంతవరకు వచ్చాయో ఫైబ్రోస్కాన్‌తో చూసి మందు మొదలుపెట్టాల్సిన మనిషి ఆయన.

ఈ వాదనకు శాస్త్రవేత్తల వైపు నుంచే ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆ కుర్రాడిలో రోగనిరోధక వ్యవస్థ పూర్తిగా ఊరుకుందని ఎలా చెప్పగలం? నిజానికి చెప్పలేం. ఆ దశను పాఠ్యపుస్తకాల్లో ‘ఇమ్యూన్ టాలరెంట్’ అనేవారు. లండన్, సింగపూర్ శాస్త్రవేత్తలు 2012లో యువ రోగుల రక్తంలోని టి-కణాలను పరీక్షించి, అవి అనుకున్నంత చేవలేనివేమీ కావని చూపించారు. యూరప్ కాలేయ వైద్యుల సంఘం 2017లో తన మార్గదర్శకాల్లో ఆ పేరునే పక్కన పెట్టింది. పైగా వైరస్ జన్యుపదార్థం ముక్కలు మన కణాల జన్యువుల్లోకి చొరబడడం ఆ ప్రశాంతంగా కనిపించే ఏళ్లలోనే మొదలవుతుంది. ఈ కొత్త సంగతులు నా మాటను కొట్టివేస్తున్నాయని నేను అనుకోను. దాన్ని ఇంకా పదునెక్కిస్తున్నాయి. ప్రశాంతంగా ఉన్న రిపోర్టు కూడా ఆ రోజు వరకే చెల్లుతుంది, ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూసుకోవాల్సిందే. ‘క్యారియర్ మాత్రమే, ఏం ఫరవాలేదు’ అని చెప్పి పంపేయడం మన ఊళ్లలో చాలాకాలంగా ఉన్న అలవాటు. అలా పంపిన మనిషి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కేసరికి పొట్టలో నీరు చేరి ఉండవచ్చు. ఆ మాట ఇక మానాలి.

మరొకరు అడగవచ్చు: టి-కణాలే అసలు పాత్రధారులైతే, ఈ యాంటిజెన్ల గొడవ ఎందుకు, నేరుగా టి-కణాలనే లెక్కపెట్టవచ్చు కదా? న్యాయమైన ప్రశ్నే. హెచ్ఐవీ రోగులకు సీడీ4 సంఖ్య చూసినట్టు ఇక్కడా చూస్తే ఉపయోగం లేదు, ఎందుకంటే మొత్తం టి-కణాల సంఖ్య ఈ జబ్బులో పెద్దగా ఏమీ చెప్పదు. హెపటైటిస్-బిని ప్రత్యేకంగా గుర్తుపట్టే టి-కణాలు దీర్ఘకాలిక రోగి రక్తంలో బహు అరుదు. ఉన్నవి కూడా అలసిపోయి ఉంటాయి. వాటి ఒంటి మీద పీడీ-1 అనే ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తుంది, అది టి-కణానికి పగ్గం లాంటి ప్రొటీన్. దాన్ని కనిపెట్టినందుకే జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు 2018లో నోబెల్ వచ్చింది. అయితే అసలు పోరు జరిగేది కాలేయంలో. అక్కడే స్థిరపడిపోయి, రక్తంలోకి రానే రాని టి-కణాలున్నాయని తెలిసింది. రక్తాన్ని మాత్రమే చూస్తే అవి కనబడవు. మంట పెరిగినప్పుడు రక్తంలో పెరిగే ఐపీ-10 వంటి సంకేత ప్రొటీన్ల మీద, కోర్ యాంటీబాడీ మోతాదు మీద పరిశోధన సాగుతోంది. వాటి మీద నాకు చాలా ఆశ ఉంది. అయితే జిల్లా ఆసుపత్రిలో మనిషికి మందు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి అవి ఇంకా సిద్ధంగా లేవు. అంతవరకు యాంటిజెన్లు, యాంటీబాడీలు, వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ కలిపి చదవడమే దారి.

ఇంతకంటే ప్రమాదకరమైన అభ్యంతరం ఒకటుంది. రోగనిరోధక శక్తే వైరస్‌ను తరుముతుందని మీరే అన్నారు కదా, మరి ఆ శక్తిని పెంచే పసరు తాగితే, పొడులు వాడితే తప్పేమిటి అంటారు. కామెర్లకు పసరు పోయడం మన పల్లెల్లో తరతరాలుగా ఉంది, దాని మీద నమ్మకం ఉన్నవారిని నేను చులకన చేయను. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చూడండి. పెద్దవాళ్లకు సోకిన హెపటైటిస్-బి 100కి 95 మందిలో దానంతట అదే తగ్గిపోతుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. తాగినవారిలో తగ్గినప్పుడు పేరు పసరుకు వస్తుంది. తగ్గకుండా లోపల ఉండిపోయిన 5 మంది సంగతి, కళ్ల పచ్చదనం పోయింది కాబట్టి, ఎవరికీ తెలియదు. ఇక శక్తిని పెంచడమనే మాట. ఈ జబ్బులో కావాల్సింది విచ్చలవిడిగా పెరిగిన దాడి కాదని ఇంతవరకు చూశాం. కొద్దిమందిలో ఆ దాడే అదుపు తప్పి కొన్ని రోజుల్లో కాలేయం మొత్తం కూలిపోతుంది. రోగనిరోధక వ్యవస్థను నిజంగా రెచ్చగొట్టే మందు ఒకటుంది, అది ఇంటర్ఫెరాన్. దాన్ని కూడా వారం వారం ఇంజెక్షన్‌గా ఇస్తూ, రక్తపరీక్షలు చూసుకుంటూ, ఎంచుకున్న రోగులకే వాడతారు. సిర్రోసిస్ ముదిరినవారికి అసలు ఇవ్వరు. మోతాదు తెలియని ఆకుపసరు ఆ పని చేయలేదు. కొన్ని ఆకులు, లోహాలు కలిపిన మందులు కాలేయాన్ని నేరుగా పాడుచేస్తాయి కూడా.

కోర్ యాంటీబాడీ గురించి మళ్లీ ఒక మాట చెప్పక తప్పదు, ప్రాణాలకు సంబంధించింది కనుక. ఎప్పుడో జబ్బు వచ్చి పోయినవారిలో హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్‌గా ఉంటుంది, కోర్ యాంటీబాడీ మాత్రం ఉండిపోతుంది. వైరస్ వెళ్లిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి కాలేయ కణాల కేంద్రకంలో దాని జన్యువు చిన్న వలయంలా ముడుచుకుని దాగి ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ కాపలా కాస్తున్నంత కాలం అది లేవదు. ఆ మనిషికి క్యాన్సర్ వచ్చి కీమోథెరపీ ఇచ్చినా, రిటుక్సిమాబ్ వంటి ఇంజెక్షన్ ఇచ్చినా కాపలా తొలగిపోవచ్చు. అప్పుడు వైరస్ పొంగుతుంది. కీమో ముగిశాక రోగనిరోధక వ్యవస్థ కోలుకుని ఆ పొంగిన వైరస్ మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. క్యాన్సర్‌ను గెలిచిన మనిషి కాలేయం చెడి చనిపోవడం ఇలాగే జరుగుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో రిటుక్సిమాబ్ వాడకం వివరాల పత్రంలో దీని గురించి పెట్టె గీసిన గట్టి హెచ్చరిక ముద్రించమన్నది. కీమోకు ముందు హెచ్‌బీఎస్‌ఏజీ, కోర్ యాంటీబాడీ రెండూ చూసి, అవసరమైతే ముందుగానే ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలు మొదలుపెడితే ఈ చావులు దాదాపు ఆగిపోతాయి. వాదన సరైనదా కాదా అన్నదానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. వైరస్ లేదని ఒక్క పరీక్ష చూసి తేల్చేస్తే మనిషి పోతాడు, శరీరం దాచుకున్న పాత ఆనవాలును చదివితే బతుకుతాడు.

ఇన్ని పరీక్షలు పేదవాడికి ఎలా సాధ్యం అంటారు. వైరల్ లోడ్ పరీక్ష ఖరీదైనదన్నది నిజం. కానీ 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చికిత్స నియమాలను సడలించింది. వైరల్ లోడ్ పరీక్ష దొరకని చోట కూడా, ఎస్‌జీపీటీ పదేపదే ఎక్కువగా వస్తుంటేనో, ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్ల అంకెలతో వేసే లెక్కలో మచ్చలు ఉన్నట్టు తేలితేనో మందు మొదలుపెట్టవచ్చని చెప్పింది. ఇవి చిన్న పట్టణాల ల్యాబుల్లో రోజూ చేసే పరీక్షలే. కొరత డబ్బులో కన్నా ఎక్కువగా మన పట్టింపులో ఉంది. అదే సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్-బి ఉంది. వాళ్లలో తమకు ఉందని తెలిసినవారు 100కి 13 మంది, మందు అందుతున్నవారు 100కి 3. మన దేశంలో ఆ వైరస్ ఉన్నవారు దాదాపు 3 కోట్లు.

ఇంతమందిలో ఎందరినో మనం ‘పాజిటివ్’ అన్న ఆ ఒక్క మాట పట్టుకుని పక్కన పెడుతున్నాం. గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి చేసే వైద్యపరీక్షలో హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్ అయితే అన్‌ఫిట్ అని రాస్తారు. కరీంనగర్ నుంచో కడప నుంచో అప్పు చేసి బయల్దేరినవాడి వైరల్ లోడ్ ఎంతో, కాలేయం ఎలా ఉందో ఎవరూ అడగరు. ఇక్కడ మన ఇళ్లలోనూ కంచం వేరు చేస్తారు, గ్లాసు వేరు చేస్తారు, సంబంధాలు తప్పిపోతాయి. కలిసి తింటే, చెయ్యి పట్టుకుంటే, ఒకే బాత్‌రూమ్ వాడితే ఈ వైరస్ సోకదు. రక్తం, సూది, లైంగిక సంబంధం, కాన్పు, ఇవే దాని దారులు. ఈ దారులను టీకా మూసివేస్తుంది. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్ట్ కణాల నుంచి తయారైన టీకాను తెచ్చాక దాని ధర సామాన్యుడికి అందే స్థాయికి దిగింది. 2011 నాటికి అది దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో చేరింది. మన నేల మీద తయారైన రక్షణ ఉండగా, భయంతో మనిషిని వెలివేయడం నాకు బాధ కలిగిస్తుంది.

కాబట్టి ఇంట్లో ఒకరికి ఈ వైరస్ ఉందని తెలిస్తే, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు అందరూ ఒకేసారి మూడు పరీక్షలు చేయించుకోండి: పైపొర యాంటిజెన్, దాని యాంటీబాడీ, కోర్ యాంటీబాడీ. మూడూ లేనివారు టీకా మూడు డోసులు పూర్తి చేసుకోండి. వైరస్ ఉన్నవారు పాత రిపోర్టులు పారేయకుండా తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టి, ప్రతిసారీ డాక్టరు ముందు ఉంచండి. గర్భిణికి వైరస్ ఉంటే వైరల్ లోడ్ తప్పక చూపించండి. అది మిల్లీలీటరుకు 2 లక్షల యూనిట్లకు చేరినా, దాటినా చివరి నెలల్లో టెనోఫోవిర్ ఇస్తారు. ఇక ఏ తల్లికి పుట్టిన బిడ్డకైనా సరే, 24 గంటలు దాటకముందే హెపటైటిస్-బి టీకా మొదటి డోసు పడిందా అని కాన్పు వార్డులో నర్సమ్మను అడగండి, తేదీ కార్డులో రాయించుకునే ఇంటికి వెళ్లండి.